అరెథా ఫ్రాంక్లిన్ 'అమేజింగ్ గ్రేస్' సంపూర్ణ సంపుటి: హనుమకొండ నుంచి ఒక శ్రోత సమీక్ష

నల్లజాతి అమెరికన్ల చర్చి పాటల నుంచి ఎదిగిన సోల్ సంగీతానికి మహారాణిగా లోకం మన్నించిన అరెథా ఫ్రాంక్లిన్‌ను కొత్తగా వినబోయేవారు ఏ రికార్డుతో మొదలుపెట్టాలని అడిగితే, ఎక్కువమంది ఆమె ప్రసిద్ధ గీతాలను ఒకచోట చేర్చిన ఏదో ఒక సంకలనాన్ని చూపిస్తారు. నా సలహా వేరు. 1972 జనవరి 13, 14 తేదీల్లో లాస్ ఏంజిలెస్‌లోని ఒక చర్చిలో ఆమె పాడిన రెండు రాత్రుల ఆరాధనను, అది సాగిన క్రమంలోనే అందించే 'అమేజింగ్ గ్రేస్: ద కంప్లీట్ రికార్డింగ్స్' అనే రెండు సీడీల సంపుటి ఉంది. 1999లో వెలువడిన ఈ సంపుటిని తెప్పించుకొని, మొదటి నుంచి చివరి వరకు శ్రద్ధగా విన్న తరువాత, ఆమె జీవితాన్నీ కళనూ అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన మార్గం లేదని నాకు గట్టిగా అనిపించింది. సంకలనాలు ఆమె సాధించిన విజయాలను వినిపిస్తాయి. ఆ గొంతు ఎక్కడ పుట్టిందో, ఎవరి ముందు పెరిగిందో, ఎవరు బదులు పలికితే అది అంత ఎత్తుకు లేచిందో వినిపించేది ఈ సంపుటి ఒక్కటే.

ఆమె 1942 మార్చి 25న టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టింది. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ బాప్టిస్టు బోధకుడు. డెట్రాయిట్‌లోని న్యూ బెథెల్ బాప్టిస్టు చర్చికి కాపరిగా ఉంటూ ఆయన చేసిన ప్రసంగాలు రికార్డులుగా అచ్చయి దేశమంతటా అమ్ముడుపోయేవి. తల్లి బార్బరా కూడా చక్కగా పాడేది, పియానో వాయించేది. తల్లిదండ్రులు 1948లో విడిపోయారు. 1952లో, అరెథాకు పదేళ్లు నిండకముందే, తల్లి గుండెపోటుతో మరణించింది. ఆ తరువాత ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు దొరికిన సాంత్వన, చదువు, క్రమశిక్షణ అన్నీ ఆదివారం పాటలోనే ఉన్నాయి. ఇంటికి వచ్చే అతిథులు కూడా సామాన్యులు కారు. నల్లజాతి చర్చిల భక్తిగానమైన గాస్పెల్‌లో శిఖరసమానురాలైన మహలియా జాక్సన్, సొంత బృందంతో దేశమంతా తిరిగిన క్లారా వార్డ్, పియానో వాద్యంలోనూ బృందగాన నిర్వహణలోనూ కొత్త దారి వేసిన జేమ్స్ క్లీవ్‌లాండ్ ఆ ఇంటికి ఆత్మీయులు. ఒక బంధువు అంత్యక్రియల్లో క్లారా వార్డ్ పాడుతుండగా చూసి తాను గాయని కావాలని నిశ్చయించుకున్నానని అరెథా స్వయంగా చెప్పుకుంది. ఈ పేర్లను గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను, ఎందుకంటే ఈ రెండు సీడీల్లో వీరందరూ ఏదో ఒక రూపంలో తిరిగి ఎదురవుతారు.

పద్నాలుగేళ్ల వయసులో, 1956లో, తండ్రి చర్చిలోనే ఆమె పాడిన కీర్తనలు రికార్డయ్యాయి. 1960లో, పద్దెనిమిదేళ్లకు, కొలంబియా రికార్డు సంస్థ ఆమెతో ఒప్పందం చేసుకుంది. అక్కడ ఆరేళ్లపాటు జాజ్ గీతాలు, పాత నాటక గీతాలు పాడించారు. ఆ రికార్డుల్లో గొంతు ఉంది, శిక్షణ ఉంది, కానీ ఆమెను ఆమెగా నిలబెట్టే నేల లేదు. 1966 చివరలో అట్లాంటిక్ సంస్థకు మారడంతో కథ మలుపు తిరిగింది. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్‌కు తీసుకువెళ్లి, పియానో ముందు కూర్చోబెట్టి, చర్చిలో పాడినట్లే పాడమన్నాడు. 1967 జనవరిలో జరిగిన ఆ రికార్డింగు గొడవల మధ్య ఒక్క రోజుకే ఆగిపోయింది. అయినా ఆ రోజు పూర్తయిన ఒక్క పాటే ఆమె భవిష్యత్తును తేల్చేసింది. మిగిలిన పని న్యూయార్క్‌లో సాగింది. ఫిబ్రవరి 14న ఆమె 'రెస్పెక్ట్' పాడింది. ఆ పాటను రాసి 1965లో మొదట పాడినవాడు ఓటిస్ రెడింగ్; అతని నోట అది ఇల్లు చేరిన మగవాడి కోరిక. ఆమె దాన్ని ఒక స్త్రీ తన హక్కును ఒక్కొక్క అక్షరంగా విడదీసి అడిగే పాటగా మార్చింది. జూన్ నాటికి అది అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. పౌరహక్కుల ఉద్యమమూ స్త్రీల ఉద్యమమూ దాన్ని తమ పాటగా చేసుకున్నాయి.

1972 నాటికి ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు. అమెరికా సంగీత రంగపు గ్రామీ పురస్కారాల్లో ఒకే విభాగంలో ఏటా ఆమే గెలుస్తున్న కాలం అది. అటువంటి సమయంలో మరో విజయవంతమైన ప్రేమగీతాల రికార్డు చేయకుండా, చర్చిలో, జనం మధ్య, కీర్తనల రికార్డు చేయాలని ఆమె పూనుకుంది. దక్షిణ లాస్ ఏంజిలెస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు చర్చి ఒకప్పుడు సినిమా హాలు. జేమ్స్ క్లీవ్‌లాండ్, ఆయన స్థాపించిన సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాయిర్, ఆ బృందానికి దర్శకుడు అలెగ్జాండర్ హామిల్టన్ ఒక వైపు. అరెథా వెంట తిరిగే వాద్యకారులు కార్నెల్ డుప్రీ, చక్ రెయినీ, బెర్నార్డ్ పర్డీ మరొక వైపు. గిటారు, బేస్, డ్రమ్స్ వాయించే ఈ ముగ్గురిలో డుప్రీ, పర్డీ అంతకుముందు ఏడు ఆమె వేదికలను కింగ్ కర్టిస్ నాయకత్వంలో ఊపేసినవారు. ఆ కర్టిస్ 1971 ఆగస్టులో న్యూయార్క్‌లో కత్తిపోటుకు గురై మరణించాడు. ఆ లోటు తగిలి అప్పటికి ఐదు నెలలే అయింది.

మొదటి సీడీలో జనవరి 13 రాత్రి, రెండో సీడీలో 14 రాత్రి ఉన్నాయి. 1972 జూన్‌లో విడుదలైన అసలు ఆల్బమ్ రెండు ఎల్పీలది, అంటే టర్న్‌టేబుల్ మీద తిరిగే పెద్ద రికార్డులది. అందులో పద్నాలుగు భాగాలను రెండు రాత్రుల నుంచీ ఏరి, వేరే వరుసలో కూర్చారు. ఆ కూర్పు గొప్పది, అమ్మకాల్లోనూ ఇరవై లక్షలు దాటింది, ఆమె రికార్డులన్నింటిలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో ఒకటి. అయినా సంపూర్ణ సంపుటి ముందు అది నాకు చిన్నదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆరాధనకు ఒక నడక ఉంటుంది. ఆర్గన్ నెమ్మదిగా మొదలవడం, కాయిర్ పాడుతూ లోపలికి రావడం, క్లీవ్‌లాండ్ జనాన్ని పలకరించి ఇది సంగీత కచేరీ కాదు, ఆరాధన అని గుర్తుచేయడం, ఆ తరువాత అరెథా మాటైనా లేకుండా వచ్చి పాట అందుకోవడం, ఇవన్నీ వరుసగా విన్నప్పుడే ఆ తరువాతి పాటలు అంత ఎత్తుకు ఎలా చేరాయో తెలుస్తుంది. రెండు రాత్రుల్లోనూ ఆమె దాదాపు మాట్లాడదు. చెప్పవలసింది క్లీవ్‌లాండ్ చెబుతాడు, పాడవలసింది ఆమె పాడుతుంది.

ఉత్తర తెలంగాణలో పుట్టి పెరిగిన వారికి ఇందులోని నిర్మాణం కొత్తగా ఉండదు. మన ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక చరణం అని వదలగానే వంతలు దాన్ని అందుకుంటారు, డోలు మీద దెబ్బ పడుతుంది, కథకుడు ఆ ఊపును ఆసరాగా చేసుకొని ఇంకో మెట్టు ఎక్కుతాడు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య కథ విన్నవారికి వంతపాట లేని కథకుడు సగం మనిషేనని చెప్పనక్కరలేదు. ఈ రికార్డులో కాయిర్ చేసే పని అదే, వరుసల్లో కూర్చున్న జనం వేసే కేకలు చేసే పనీ అదే. అరెథా ఒక పదాన్ని సాగదీసి గాలిలో నిలబెడితే, ఎవరో ఒక స్త్రీ గట్టిగా బదులు పలుకుతుంది; ఆ బదులు చెవిన పడగానే ఆమె అదే పదాన్ని మరింత పైస్థాయిలో తిరిగి అందుకుంటుంది. స్టూడియోలో ఎన్ని వాద్యాలు పేర్చినా ఇది పుట్టదు. సరిగ్గా ఆ తేదీల్లోనే ఏటా మన ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతితో మొదలై, ఒగ్గు పూజారుల పాటతో రాత్రులు గడుస్తాయని తలచుకున్నప్పుడు నాకు ఆ దూరదేశపు చర్చి మరింత దగ్గరైంది.

హనుమకొండ శ్రోతలకు ఇంకొక దగ్గరి దారి కూడా ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇక్కడికి వచ్చి సంఘాన్ని నాటారు. ఆ చర్చిల్లో నేటికీ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. వాటి పక్కనే ఇంగ్లిషు బాణీల్లో పాడే అనువాద కీర్తనలూ ఉంటాయి. ఈ సంపుటిలోని కొన్ని కీర్తనలు అటువంటివే. ఆదివారం ఆరాధనలో హార్మోనియం మీద కుదురుగా, అందరూ ఒక్క వరుసలో పాడే పాటను అరెథా పాడగా వింటే, అదే బాణీ లోపల ఎంత చోటు ఖాళీగా ఉండిపోయిందో తెలుస్తుంది. కాయిర్ నడిపేవారు, కీబోర్డు వాయించేవారు ఈ సంపుటిని పాఠంగా పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. ఏ మతం వారైనా, ఏ మతమూ లేనివారైనా, పాట మీద ప్రేమ ఉంటే చాలు. ఇందులోకి రావడానికి మరే అర్హతా అవసరం లేదు.

ఇప్పుడు పాటల దగ్గరికి వస్తాను. రెండో రాత్రి వచ్చే 'మేరీ డోంట్ యూ వీప్' ఈ సంపుటికి ప్రాణం. లాజరు మరణించిన తరువాత క్రీస్తు ఆలస్యంగా చేరుకోవడం, అక్కచెల్లెళ్ల నిష్ఠూరం, చివరికి మృతుడిని పేరు పెట్టి పిలవడం అనే బైబిలు కథను ఆమె పాడుతూ పాడుతూ చెబుతుంది. కాయిర్ అడుగున ఒకే పల్లవిని తగ్గు స్వరంలో తిప్పుతూ ఉంటుంది. లాజరును పిలిచే చోట ఆమె పేరును ఒకసారి మామూలుగా, ఇంకొకసారి గొంతు పెంచి, మూడోసారి ఆ హాలు దద్దరిల్లేలా పలుకుతుంది. తండ్రి ప్రసంగాలు వింటూ పెరిగిన బిడ్డ కాకపోతే ఆ పిలుపును అలా మెట్లుగా కట్టడం సాధ్యం కాదు. బోధకుడి ప్రసంగం ఎక్కడ ముగిసి పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని సంప్రదాయం అది.

మొదటి రాత్రి పాడిన శీర్షిక గీతం పది నిమిషాలకు పైగా సాగుతుంది. ఇందులో తాళం ఉండదు. ఒక్కొక్క అక్షరాన్ని గమకాలతో విస్తరించుకుంటూ, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలియకుండా ఆమె ముందుకు వెళ్తుంది. ఆ గీతాన్ని రాసిన జాన్ న్యూటన్ బానిసలను మోసే ఓడల్లో పనిచేసి, ఆ తరువాత మతబోధకుడైన ఇంగ్లండు వాడు. 1779లో అది అచ్చయింది. ఆ ఓడల్లో తరలించబడిన జనం వారసులు రెండు వందల ఏళ్ల తరువాత దాన్ని తమ సొంత పాటగా చేసుకొని, రాసినవాడు ఊహించలేని రూపంలో పాడుతున్నారన్న ఎరుకతో వినండి. పాట మధ్యలో క్లీవ్‌లాండ్ పియానో వదిలి, ముఖం చేతుల్లో దాచుకొని ఏడ్చాడు. ఆ దృశ్యం ఆ రాత్రులను చిత్రీకరించిన సినిమాలో కనిపిస్తుంది.

ఆ సినిమా గురించి కూడా ఒక మాట. దర్శకుడు సిడ్నీ పొలాక్ రెండు రాత్రులనూ కెమెరాల్లో బంధించాడు కానీ, దృశ్యాన్నీ శబ్దాన్నీ కలపడానికి అవసరమైన క్లాప్ బోర్డులు వాడకపోవడంతో అది దశాబ్దాలపాటు డబ్బాల్లో ఉండిపోయింది. డిజిటల్ పద్ధతిలో సరిచేసిన తరువాత కూడా ప్రదర్శనను అరెథా న్యాయస్థానం ద్వారా అడ్డుకుంది. ఆమె మరణం తరువాత, 2018లోనే అది జనం ముందుకు వచ్చింది. చూడదగినదే, కానీ సీడీలు విన్న తరువాత చూడండి. చెవులు ముందుగా పని చేస్తేనే ఈ పాట నిలుస్తుంది.

మొదటి రాత్రిలోనే థామస్ డార్సీ కీర్తన ఒకటుంది. బ్లూస్ పియానో వాద్యకారుడిగా పేరుపొందిన డార్సీ, 1932లో ప్రసవంలో భార్యనూ ఆ వెంటనే బిడ్డనూ కోల్పోయిన దుఃఖంలో, ప్రభువు చేయి పట్టి నడిపించమని రాసుకున్న పాట అది. అరెథా దాన్ని నాటి ఒక ప్రజాదరణ పొందిన స్నేహగీతంతో ముడివేసింది. మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో ఈ కీర్తనను మహలియా జాక్సన్ పాడింది. ఈ రికార్డింగు జరిగిన రెండు వారాలకు, జనవరి 27న, మహలియా కన్నుమూసింది. షికాగోలో ఆమె అంత్యక్రియల్లో ఇదే కీర్తనను అరెథా పాడింది. ఈ విషయం తెలిసి వినేవారికి ఆ రాత్రి పాటలో తరం మారుతున్న క్షణం వినిపిస్తుంది.

రెండో రాత్రి తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ వచ్చాడు, ఆయనతో క్లారా వార్డ్ కూడా ముందు వరుసలో కూర్చుంది. తండ్రి లేచి మాట్లాడిన మాటలను దాటవేయకుండా వినాలని నా విన్నపం. తన కుమార్తె ఎన్నడూ చర్చిని విడిచిపెట్టలేదని ఆయన నిండైన గొంతుతో చెబుతాడు. లౌకిక గీతాలు పాడిందని ఆమెను తప్పుపట్టినవారికి అది బహిరంగ సమాధానం. ఆమె పద్నాలుగేళ్లకు తండ్రి చర్చిలో పాడిన 'నెవర్ గ్రో ఓల్డ్' కీర్తనను ఆ రాత్రి పియానో ముందు కూర్చొని మళ్లీ పాడింది. 1956 నాటి రికార్డు, ఇదీ రెండూ దొరికితే పక్కపక్కన విని చూడండి. మొదటిదానిలో ఆశ్చర్యపరిచే శక్తి ఉంది; రెండోదానిలో ఆ శక్తిని ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపి ఉంచాలో తెలిసిన స్త్రీ ఉంది.

లోపాలను దాచను. రెండు రాత్రుల్లోనూ కొన్ని కీర్తనలు మళ్లీ వస్తాయి, ఆర్గన్ ప్రవేశగీతం, పరిచయ వాక్యాలు కూడా మళ్లీ వస్తాయి. పాటలు మాత్రమే కావాలనుకునేవారికి ఇది బరువుగా తోచవచ్చు. నాకైతే ఒకే కీర్తన ఒక రాత్రికీ మరో రాత్రికీ ఎలా మారిందో పోల్చి వినడమే ఈ సంపుటిలో అన్నింటికన్నా విలువైన భాగం. సంభాషణల ఉచ్చారణ మన చెవికి వెంటనే అందదు. ఒకటికి రెండుసార్లు వినవలసి వస్తుంది. లోపలి పుస్తకంలోని అక్షరాలు చిన్నవి, కళ్లద్దాలు తప్పనిసరి. శబ్దం విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు: జనం కేకలు, చప్పట్లు గొంతును కప్పివేయవు, పర్డీ డ్రమ్స్ మీద వేసే చిన్న దెబ్బలూ, రెయినీ బేస్ తీగ మీద వేలు జారడమూ విడివిడిగా వినిపిస్తాయి. చిన్న స్పీకర్లలో ఆ బేస్ పోతుంది కనుక మంచి హెడ్‌ఫోన్లయినా వాడాలి.

కొనే విషయానికి వస్తే, ఓరుగల్లులో ఒకప్పుడు క్యాసెట్ల దుకాణాలు ఉన్న రోజుల్లో కూడా ఇటువంటి రికార్డు దొరికేది కాదు, ఇప్పుడు ఆ దుకాణాలే అరుదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. నాకు వచ్చిన సంపుటి ప్లాస్టిక్ డబ్బా అంచు పగిలి ఉంది, డిస్కులకు మాత్రం గీత పడలేదు. అమ్మినవారు మార్చి ఇవ్వడానికి అంగీకరించినా, దిగుమతి సరుకు మళ్లీ రావడానికి పట్టే సమయాన్ని తలచుకొని ఉంచుకున్నాను. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోవడం మంచిది. ఇంట్లో సీడీ ప్లేయర్ లేకపోతే పాత డీవీడీ ప్లేయర్ చాలు. ఇదే సంపుటి నాలుగు ఎల్పీలుగా కూడా వచ్చింది. టర్న్‌టేబుల్ ఉండి, అంత ఖర్చు భరించగలిగినవారికి అది తగినది. ఎల్పీ కావాలి, ధర తగ్గాలి అనుకునేవారు 1972 నాటి రెండు ఎల్పీల కూర్పు తీసుకోవచ్చు, నిరాశపడరు.

ఆ తరువాతి నాలుగున్నర దశాబ్దాల గురించి ఈ సంపుటి చెప్పదు. 1979లో తండ్రి ఇంట్లో దొంగల కాల్పులకు గురై స్పృహ కోల్పోయి, 1984లో మరణించడం. 1980లలో అరిస్టా సంస్థలో కొత్త తరం శ్రోతలను సంపాదించుకోవడం. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి మహిళ కావడం. 1998 గ్రామీ వేదికపై అస్వస్థుడైన ఒపెరా గాయకుడు పవరొట్టికి బదులుగా అప్పటికప్పుడు ఒపెరా గీతం పాడటం. 2009లో ఒబామా పదవీ స్వీకారంలో పాడటం. ఇవన్నీ వేరుగా తెలుసుకోవలసినవే. పద్దెనిమిది గ్రామీలు అందుకున్న ఆమె 2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో, డెబ్బై ఆరేళ్ల వయసులో కన్నుమూసింది. మరుసటి ఏడు పులిట్జర్ సంస్థ ఆమెకు ప్రత్యేక ప్రశంసను ప్రకటించింది.

వినేవారికి నా సూచన ఇది: రెండో సీడీతో మొదలుపెట్టి, 'మేరీ డోంట్ యూ వీప్' నుంచి తండ్రి మాటల వరకు ఆపకుండా వినండి; ఆ తరువాత మొదటి సీడీని మొదటి నుంచి వినండి. అది పూర్తయ్యాక 1967 నాటి ఆమె తొలి అట్లాంటిక్ ఆల్బమ్ తెప్పించుకోండి. 'రెస్పెక్ట్' ఉన్నది అందులోనే, వెనుక నుంచి బదులు పలికే గొంతుల్లో ఆమె చెల్లెలు కరోలిన్ గొంతూ ఉంది.